తలుపు ఎటు తెరుచుకుంటుంది? – ఇంటికి చేర్చే గది, తెలుగు స్త్రీవాద సాహిత్యం

కీలక పదాలు: ఇల్లు, గది, వసారా, వంటిల్లు, వాటా, స్త్రీవాద విమర్శ, వర్జీనియా వుల్ఫ్

ఉపోద్ఘాతం

తెలుగు స్త్రీవాద సాహిత్య చర్చల్లో వర్జీనియా వుల్ఫ్ ప్రస్తావన వచ్చినప్పుడు 'తనకంటూ ఒక గది' అన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. 1929లో వెలువడిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' గ్రంథ శీర్షికను అనుసరించి వచ్చిన ఈ మాట క్రమంగా ఒక ప్రతీకగా స్థిరపడింది. గది అంటే ఏకాంతం, గది అంటే స్వేచ్ఛ, గది అంటే వ్యక్తిత్వం అని అన్వయించుకోవడం అలవాటైంది. ఈ అన్వయంలో తప్పు లేదు. అయితే ప్రతీకగా మారిన తరువాత ఆ గదికి గోడలూ కప్పూ ఖర్చూ లేకుండా పోయాయి. అది ఎక్కడ ఉంది, ఎవరు కట్టారు, ఎవరి సొమ్ముతో కట్టారు, దానికి తలుపు ఎటువైపు పెట్టారు అన్న ప్రశ్నలు విమర్శలో వెనుకబడ్డాయి.

గది ఒంటరిగా ఉండదు, ఒక ఇంట్లో ఉంటుంది. ఆ ఇల్లు అప్పటికే ఒక కుటుంబానికి చెంది ఉంటుంది. అందులోని ప్రతి చోటుకూ ఒక పేరు, ఒక పని, ఒక హక్కుదారు ఏర్పడి ఉంటారు. కాబట్టి ఇంట్లో లేని గదిని స్త్రీ కోరుకోవడమంటే ఉన్న ఇంటికి మరొక గదిని చేర్చమని అడగడమే. ఇంటికి చేర్పు కట్టుకోవడం కుటుంబ జీవితంలో అతి సాధారణమైన సంఘటన. ఏ చేర్పు ముందు, ఏది తరువాత, ఎవరి కోసం అన్న నిర్ణయంలో ఆ కుటుంబం లోపలి అధికార క్రమం బయటపడుతుంది. 'తనకంటూ ఒక గది' అన్న భావనను ఇంటి చేర్పు అనే భౌతిక వాస్తవం దగ్గర నిలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు వుల్ఫ్ స్వయంగా తన ఇంటికి చేర్చుకున్న గదులను, తెలుగు ఇళ్లలో చేర్పులు జరిగే తీరును, పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే'ను, విమల కవిత 'వంటిల్లు'ను ఆధారాలుగా తీసుకోవడం జరిగింది.

ఇల్లు, గది: పదాల సాక్ష్యం

తెలుగులో 'ఇల్లు' అనే పదానికి నివాసమనే అర్థంతో పాటు నివాసంలోని ఒక భాగమనే అర్థం కూడా ఉంది. వంటిల్లు, పడకటిల్లు, పురిటిల్లు అన్న సమాసాలే ఇందుకు సాక్ష్యం. ఇక్కడ ఇల్లు అంటే గది. ఒక పెద్ద ఇంటిలో పనిని బట్టి చిన్న చిన్న ఇళ్లు ఉన్నాయన్న భావన ఈ పదాల వెనుక కనిపిస్తుంది. ఈ సమాసాల్లో పూర్వపదం వంట, పడక, పురుడు వంటి పనినో స్థితినో చెబుతుంది. మనిషిని చెప్పేవి పుట్టిల్లు, మెట్టినిల్లు, అత్తవారిల్లు వంటి మరో రకం పదాలు. ఇవి గదులను కాక కుటుంబాలను సూచిస్తాయి. ఇంటిని తన పేరులోనే మోసే 'ఇల్లాలు' అనే పదంలో ఇల్లు, ఆలు రెండూ ఉన్నాయి. గృహిణియే గృహమని సంస్కృత లోకోక్తి కూడా చెబుతుంది. ఇల్లాలు ఇంటి మొత్తానికి పేరు అయింది గాని, ఆ ఇంటిలోని ఒక భాగం ఆమె పేరు మీద ఏర్పడలేదు.

చేర్పులను చెప్పే క్రియలను గమనిస్తే మరొక విషయం తెలుస్తుంది. ఇంటిని 'కడతారు'. వసారాను 'దించుతారు'. పందిరి 'వేస్తారు'. మేడ 'లేపుతారు'. స్లాబు 'పోస్తారు' లేదా 'వేస్తారు'. పెంకుటింటి చూరును ముందుకు పొడిగించి, వాసాలను కిందికి దించి, గుంజల మీద నిలిపితే వసారా ఏర్పడుతుంది. కొత్త పునాదితో, కొత్త దూలంతో పని లేకుండా ఉన్న కప్పు ఆసరాతోనే కొత్త చోటు పుడుతుంది. ఈ నిర్మాణ రీతిని 'దించడం' అన్న క్రియ ఉన్నదున్నట్లు చెబుతోంది. ఇలాంటి పలుకుబడులకు శాస్త్రీయమైన విలువ ఉందని తెలుగు భాషా పరిశోధన ఏనాడో గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశ సంపుటాలలో వ్యవసాయ పదాలను 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంకలనం చేయగా, గృహనిర్మాణ పదాల సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ రూపొందించారు. ఆ పదసంపదను వృత్తి పరిభాషగా మాత్రమే కాక కుటుంబ చరిత్రగా కూడా చదవడానికి అవకాశం ఉంది.

ఈ చరిత్రలో 'స్త్రీకి ప్రత్యేకించిన చోటు' లేకపోలేదు. పురిటి గది ఉంది. బహిష్టు రోజుల్లో 'బయట చేరిన' స్త్రీ కూర్చునే మూల ఉంది. భర్త పోయిన స్త్రీకి ఇంటి వెనుక భాగంలో మిగిలిన చీకటి చోటు ఉంది. ఈ మూడూ స్త్రీ ఒంటరిగా ఉన్న చోట్లే. అయితే ఆమె కోరుకుని వెళ్లినవి కావు, ఆమెను ఉంచినవి. కాబట్టి తెలుగు సాంస్కృతిక నేపథ్యంలో స్త్రీకి విడిగా గది అన్న మాట విముక్తిని మాత్రమే సూచించదు, వెలిని కూడా సూచిస్తుంది. ఆంగ్లం నుంచి వచ్చిన భావనను తెలుగులో వాడేటప్పుడు విమర్శ ఈ జ్ఞాపకాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంది. గది విడిగా ఉందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ సరిపోదు. ఆ గదిలోకి వెళ్లడం, అందులోంచి రావడం ఎవరి ఇష్టాన్ని బట్టి జరుగుతున్నాయన్నది అసలు ప్రశ్న.

1929: మంక్స్ హౌస్‌కు చేర్చిన రెండు గదులు

వుల్ఫ్ గ్రంథానికి మూలం 1928 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హమ్, గిర్టన్ మహిళా కళాశాలల్లో ఆమె చేసిన ప్రసంగాలు. స్త్రీ కాల్పనిక రచన చేయాలంటే ఆమెకు సొంత డబ్బు, సొంత గది ఉండాలన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. తెలుగు చర్చల్లో ఈ వాక్యంలోని రెండో సగానికి వచ్చినంత ప్రాచుర్యం మొదటి సగానికి రాలేదు. గ్రంథంలో మాత్రం వుల్ఫ్ డబ్బుకు ప్రాధాన్యం తగ్గించలేదు. కథకురాలికి ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం ఒక మేనత్త మరణంతో సంక్రమిస్తుంది. స్త్రీలకు ఓటు హక్కు వచ్చిన రోజుల్లోనే ఈ వార్త కూడా వచ్చిందనీ, రెండింటిలో డబ్బే తనకు ముఖ్యమనిపించిందనీ కథకురాలు దాపరికం లేకుండా చెబుతుంది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీది నుంచి పడి మరణించినట్లుగా చిత్రించడం భారతీయ పాఠకులు గమనించదగ్గ అంశం. ఆంగ్ల స్త్రీ గదికి ఆధారమైన డబ్బు వలస పాలిత నగరం మీదుగా వచ్చినట్లు ఆ గ్రంథమే, బహుశా యథాలాపంగా, నమోదు చేసింది.

గది గురించి రాసిన కాలంలోనే వుల్ఫ్ తన ఇంటికి గదులు చేర్చుకుంది. వర్జీనియా, లెనార్డ్ వుల్ఫ్ దంపతులు ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, రాడ్‌మెల్ గ్రామంలో ఉన్న మంక్స్ హౌస్‌ను 1919లో వేలంలో 700 పౌండ్లకు కొన్నారు. అప్పటికి ఆ ఇంట్లో కొళాయి నీరు గాని విద్యుత్తు గాని లేవు. 1925లో వెలువడిన 'మిసెస్ డాలొవే', 'ద కామన్ రీడర్' గ్రంథాల రాబడితో 1926లో స్నానపు గది, మరుగుదొడ్డి వంటి సౌకర్యాలు ఏర్పడ్డాయి. 1928లో వచ్చిన 'ఓర్లాండో' బాగా అమ్ముడుపోవడంతో 1929లో ఇంటి ఒక చివర కింద ఒక గది, పైన ఒక గది ఉన్న చేర్పు కట్టించారు. కింది గది వర్జీనియా పడకగది అయింది. ఆ గదికి ఇంటి లోపలి నుంచి దారి లేదు. తోటలోకి వచ్చి తోటలోని తలుపు గుండానే లోపలికి వెళ్లాలి.

ఈ చేర్పులో మూడు విషయాలు గమనించవలసి ఉంది. మొదటిది, ఈ నిర్మాణానికి సొమ్ము స్త్రీ తన రచనతో సంపాదించినది. గ్రంథంలోని కథకురాలికి డబ్బు వారసత్వంగా వస్తే, గ్రంథకర్త్రికి శ్రమతో వచ్చింది. రెండవది, చేర్పుల వరుస. రచయిత్రి సంపాదనతో ఆ ఇంటికి మొదట వచ్చినవి స్నానపు గది, మరుగుదొడ్డి. ఏకాంతం శరీర అవసరాల దగ్గర మొదలవుతుందని ఈ వరుస చెబుతుంది. మరుగు లేని తెలుగు గ్రామాల్లో చీకటి పడేదాకా ఆగవలసి వచ్చిన స్త్రీల అనుభవాన్ని తలచుకుంటే, మరుగుదొడ్డిని కూడా 'తనకంటూ ఒక గది' చర్చలో భాగంగా చూడవలసి వస్తుంది. మూడవది, తలుపు. కుటుంబం మధ్య నుంచి నడవకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా రావడానికీ పోవడానికీ వీలున్న తలుపు అది.

తలుపు గురించి వుల్ఫ్ గ్రంథంలోనే ఒక ముఖ్యమైన ప్రస్తావన ఉంది. జేన్ ఆస్టిన్‌కు విడిగా గది లేదు. అందరూ మసలే కూర్చునే గదిలోనే ఆమె నవలలు రాసింది. తలుపు బందు కిర్రుమంటే ఎవరో వస్తున్నారని తెలిసి, రాస్తున్న కాగితాలను దాచుకునే వీలు ఉండేది. అందుకే ఆ కిర్రు చప్పుడు ఆమెకు ఇష్టమైంది. రచయిత్రి రహస్యానికి ఒక తుప్పు పట్టిన బందు కాపలా కాయడం ఒక స్థితి. రచయిత్రి తన సంపాదనతో తోటలోకి తలుపు పెట్టించుకోవడం మరొక స్థితి. ఈ రెంటి మధ్య ఉన్న దూరం గది వైశాల్యానికి సంబంధించినది కాదు. తలుపు మీద అధికారానికి సంబంధించినది.

అయితే, మంక్స్ హౌస్‌లో వుల్ఫ్ రచన ప్రధానంగా ఈ చేర్పులో సాగలేదు, తోటలో విడిగా ఉన్న చెక్కగదిలో సాగింది. వుల్ఫ్ దంపతుల రోజువారీ జీవితానికి వంటమనిషి నెల్లీ బాక్సాల్ శ్రమ 1934 వరకు ఆధారంగా ఉంది. ఒక స్త్రీ గదిలో కూర్చుని రాయడానికి మరొక స్త్రీ వంటింట్లో నిలబడవలసి వచ్చింది. ఈ అంశం తెలుగు సందర్భంలో మరింత ముఖ్యమవుతుంది.

తెలుగు ఇంటి చేర్పులు: ఎవరి కోసం?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెతలో గృహనిర్మాణం, వివాహం పక్కపక్కన నిలిచాయి. రెండూ కుటుంబ ఆర్థిక శక్తికి పరీక్షలన్నది దీనికి అందరూ చెప్పుకునే అర్థం. చేర్పుల దృష్టితో చూస్తే ఈ రెండూ ఒకే సంఘటనకు రెండు వైపులు. ఇంటికి గది చేర్చే సందర్భాల్లో కొడుకు పెళ్లి ముఖ్యమైనది. కోడలు రాబోతున్నదంటే మేడ మీద గది వేయడం, ఇంటి పక్కన మరో పడకగది కట్టడం పరిపాటి. కూతురి పెళ్లికి ఇంటి నుంచి సొమ్ము బయటికి పోతుంది. కొడుకు పెళ్లికి ఇంటికి గది వచ్చి చేరుతుంది. ఆ గది కోడలి రాకతోనే పుట్టినా, వాడుకలో అది 'పెద్దబ్బాయి గది' గానో 'చిన్నవాడి గది' గానో నిలుస్తుంది.

ఊళ్లలో, పట్టణ శివార్లలో చాలా డాబా ఇళ్ల మీద స్తంభాల చివర ఇనుప చువ్వలు అలాగే వదిలి ఉంటాయి. పై అంతస్తు తరువాత వేసుకోవడానికి వీలుగా వదిలినవి అవి. కొన్ని ఇళ్లలో అవి ఏళ్ల తరబడి తుప్పు పడుతూ ఉండిపోతాయి. కుటుంబం భవిష్యత్తును గురించి చేసుకున్న ఊహకు ఆ చువ్వలు కనిపించే రూపం. 'పైన పెద్దవాడికి, కింద చిన్నవాడికి' అన్న వాటాల లెక్క పునాది వేసేనాడే మొదలవుతుంది. ఆ లెక్కలో కూతురి వాటా, ఇల్లాలి వాటా తరచు కనిపించవు. వాస్తు విశ్వాసాలు కూడా చోట్ల పంపకాన్ని స్థిరపరుస్తాయి. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలనీ, ఇంటి యజమాని పడకగది నైరుతిలో ఉండాలనీ, ఇంటిని పెంచితే ఈశాన్యం వైపు పెంచవచ్చనీ నమ్మకాలు ఉన్నాయి. ఈ పంపకంలో అగ్నికి మూల ఉంది, యజమానికి మూల ఉంది. స్త్రీకి ఆగ్నేయమే దిక్కు. అక్కడ కూడా ఆమె చోటు ఆమె చేసే పనిని బట్టి ఏర్పడిందే.

తెలుగు కుటుంబాలకు స్వతంత్రమైన తలుపు కట్టడం తెలియక కాదు. ఇంటి బయటి నుంచి మెట్లు వేసి, పై భాగానికి వేరుగా గుమ్మం పెట్టి, అద్దెకు ఇచ్చే వాటా సిద్ధం చేయడం పట్టణాల్లో సర్వసాధారణం. అద్దెకు వచ్చినవారు ఇంటివారి హాలులోంచి నడవనవసరం లేదు. ఎప్పుడు వచ్చినా, ఎప్పుడు వెళ్లినా ఇంటివారికి చెప్పనవసరం లేదు. మంక్స్ హౌస్‌లో వుల్ఫ్‌కు తోట తలుపు ఇచ్చిన వెసులుబాటును తెలుగు ఇంటిలో బయటి మెట్లు అద్దెదారుకు ఇస్తున్నాయి. నెలనెలా డబ్బు చెల్లించే మనిషికి వేరు తలుపు అవసరమని కుటుంబం వెంటనే ఒప్పుకుంటుంది. అదే ఇంట్లో జీతం లేని పని చేసే మనిషికి అది అవసరమన్న ఆలోచన రాదు. డబ్బు, తలుపు విడదీయరానివన్న వుల్ఫ్ వాదనకు ఇంతకు మించిన ఉదాహరణ వెతకనవసరం లేదు. స్త్రీలు ఎక్కువగా వాడే పెరటి గుమ్మాన్ని ఈ వేరు తలుపుతో సమానంగా చూడడం కూడా సరికాదు. పెరటి గుమ్మం బావి వైపు, గిన్నెలు తోమే చోటు వైపు తెరుచుకుంటుంది. అది ఒక పని నుంచి మరో పనికి దారి.

పేరు, కూల్చివేత: రెండు ప్రతిపాదనలు

ఇల్లు, స్త్రీ అనే అంశాన్ని తెలుగు స్త్రీవాద సాహిత్యం గది దగ్గర కాక మరో రెండు చోట్ల పట్టుకుంది. పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే'లో చదువుకున్న అమ్మాయి పెళ్లయి భర్త ఇంటికి వస్తుంది. భర్త అప్పగించిన ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోతుంది. అలకడం, ముగ్గులు తీర్చడం ఆమె జీవితమవుతాయి. ఒకనాడు ఇల్లు అలుకుతూ తన పేరేమిటో గుర్తు రావడం లేదని గ్రహిస్తుంది. అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. వారికి ఆమె అమ్మ, భార్య మాత్రమే. పుట్టింట కూడా ఆ పేరు దొరకదు. చివరికి చదువుకున్న నాటి స్నేహితురాలు పిలిచినప్పుడు తాను శారదనని ఆమెకు తెలుస్తుంది.

ఈ కథలో గది లేమి సమస్య కాదు. శారదకు ఇల్లంతా ఉంది. ఆమె అడుగు పెట్టని మూల, ఆమె చేయి తగలని నేల ఆ ఇంట్లో లేవు. ఇల్లంతా ఆమె చేతిలో ఉన్నా, ఆమె తన చేతిలో లేదు. ఈ స్థితిలో ఉన్న స్త్రీకి ఇంటికి మరో గది చేర్చి ఇస్తే ఏమవుతుంది? అలకవలసిన నేల మరికొంత పెరుగుతుంది. కథా శీర్షికకు మూలమైన 'ఇల్లలకగానే పండుగ కాదు' అన్న సామెతను ఇక్కడ మరో విధంగా అన్వయించుకోవచ్చు: గది చేర్చగానే స్వేచ్ఛ కాదు. 'తనకంటూ ఒక గది' అన్న కోరికలో 'గది' కంటే ముందు 'తాను' ఉండాలని ఈ కథ చెబుతోంది. వుల్ఫ్ కథకురాలికి తాను ఎవరో తెలుసు, చోటు కావాలి. శారదకు చోటు ఉంది, తాను ఎవరో తెలియాలి. 'ఇల్లలకగానే'ను 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'కు తెలుగు ప్రతిధ్వనిగా చదివితే ఈ ముఖ్యమైన భేదం మరుగున పడుతుంది.

విమల 'వంటిల్లు' కవిత మరో దారి పడుతుంది. బాల్యంలో ఆ గది ఇచ్చిన వాసనలు, రుచులు, అమ్మ సన్నిధి కవిత మొదట్లో ఆకర్షణగా ఉంటాయి. క్రమంగా ఆ గదిలో కరిగిపోయిన తల్లి కనిపిస్తుంది, ఆ గది చెరగా మారుతుంది. రాబోయే తరం పిల్లలు అదే ఒంటరి వంటగదుల్లోకి వెళ్లకుండా వాటిని పునాదులతో సహా కూల్చివేయాలన్న పిలుపుతో కవిత ముగుస్తుంది. వుల్ఫ్ ఒక గదిని చేర్చమంటే విమల ఒక గదిని తీసివేయమంటుంది. ఈ వైరుధ్యానికి కారణం తెలుగు ఇంటి పదజాలంలోనే ఉంది. పనిని బట్టి పేరు పెట్టుకున్న 'ఇల్లు' ఉన్నంతకాలం ఆ పని ఒక మనిషికే అంటుకుని ఉంటుంది. వంటిల్లు యథాతథంగా ఉండగా దాని పక్కన చదువుకునే గది వేస్తే, ఇల్లాలి రోజులో ఎక్కువ గంటలు పాత గదికే పోతాయి. కొత్త గది ఖాళీగా ఉంటుంది, త్వరలోనే బియ్యం బస్తాలు, పాత పరుపులు అందులోకి చేరతాయి. ఆ గదికి చోటుతో పాటు కాలం కూడా కావాలన్నది విమల కవిత నుంచి గ్రహించవలసిన అంశం.

ఈ రెండు రచనలనూ కలిపి చూస్తే తెలుగు స్త్రీవాద సాహిత్యం గది భావనను అరువు తెచ్చుకుని ఊరుకోలేదని స్పష్టమవుతుంది. గది కోరే మనిషి ఎవరన్న ప్రశ్నను సత్యవతి, ఆ గదిలో గడిపే కాలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను విమల ముందుకు తెచ్చారు. విమర్శ ఈ రెండు ప్రశ్నలనూ ప్రతీకలో కలిపేయకుండా విడివిడిగా నిలపవలసి ఉంది.

చట్టంలో ఇల్లు

గది చేర్చే అధికారం ఇంటి మీద హక్కును బట్టి ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురిని వారసురాలిగా గుర్తించింది. కాని నివాస గృహం విషయంలో 23వ సెక్షన్ ఒక మినహాయింపు పెట్టింది. కుటుంబ సభ్యులు నివసిస్తున్న ఇంటికి స్త్రీ, పురుష వారసులు ఇరువురూ ఉన్నప్పుడు, పురుషులు తమ వాటాలు పంచుకోవడానికి సిద్ధపడేవరకు స్త్రీలు ఆ ఇంటి విభజన కోరే వీలు లేదు. కూతురికి ఆ ఇంట్లో నివసించే హక్కు కూడా ఆమె అవివాహిత అయినా, భర్త వదిలేసినా, భర్త నుంచి విడిపోయినా, వితంతువు అయినా మాత్రమే ఉండేది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకులతో సమాన హక్కు ఇచ్చి దేశంలో ముందడుగు వేసింది. 23వ సెక్షన్ మాత్రం 2005 నాటి కేంద్ర సవరణతోనే రద్దయింది. అంటే స్త్రీవాద కవిత్వం తెలుగులో బలంగా వెలువడిన 1980, 1990 దశకాల్లో వారసురాలైన కూతురు పుట్టింటి గోడల మధ్య తన వాటా చూపించమని తనంతట తాను అడగలేని స్థితి చట్టంలోనే ఉంది. 'పుట్టిల్లు', 'మెట్టినిల్లు' అన్న రెండు ఇళ్ల పేర్లు మోసే స్త్రీకి ఏ ఇంట్లోనూ గది లేకపోవడం ఆ కాలపు రచనల్లో కేవలం భావుకత కాదని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

తరువాతి కాలంలో ప్రభుత్వ గృహ పథకాలు ఇంటి పట్టాను స్త్రీ పేరు మీద ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రారంభమైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం స్త్రీల పేరిట ఇచ్చారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. హక్కు పత్రంలో స్త్రీ పేరు ఉండడం చిన్న విషయం కాదు. కాని ఆ స్థలంలో ఇల్లు కట్టిన తరువాత పక్కకు చేర్చడానికి చోటు దాదాపు మిగలదు. పెరిగితే ఇల్లు పైకే పెరగాలి. పైన వేసే ఆ గది ఎవరిదన్న ప్రశ్న పత్రంతో తీరేది కాదు.

ఎవరి శ్రమ మీద ఎవరి గది?

'తనకంటూ ఒక గది' భావనకు తెలుగు నేలపై మరొక పరిమితి ఉంది. ఒకే గది ఇల్లయిన కుటుంబంలో, ఇంటిపని కంటే కూలిపని ముందుండే జీవితంలో, ఈ మాట ఎలా వినిపిస్తుంది? ఇలాంటి ప్రశ్న తెలుగులో ఇదివరకే మరో వస్తువు మీద వచ్చింది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవితలో పైట స్త్రీ శరీరం మీది ఆంక్షకు గుర్తు. జూపాక సుభద్ర కవితలో కొంగు శ్రమలో తోడు నిలిచే వస్తువు. ఒకే వస్త్రానికి కులాన్ని, శ్రమను బట్టి వేర్వేరు అర్థాలు ఉన్నాయని దళిత స్త్రీల సాహిత్యం స్పష్టం చేసింది. గదికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. మండువా లోగిలిలో ఒక స్త్రీకి గది చెర కావచ్చు. ఆ లోగిలి పెరటి గుమ్మం దాటి లోపలికి రానివ్వని మరో స్త్రీకి ఆ గది తన శ్రమ మీద నిలిచినదే అయినా తాను ఎన్నడూ చూడనిది కావచ్చు. నెల్లీ బాక్సాల్ ప్రస్తావన ఇక్కడ మళ్లీ అవసరమవుతుంది. ఒక స్త్రీ ఏకాంతం మరొక స్త్రీ చాకిరీతో సమకూరినప్పుడు, ఆ గదిని స్త్రీ జాతి మొత్తానికి ప్రతీకగా నిలబెట్టడం న్యాయం కాదు.

దీనికి ప్రతివాదం కూడా లేకపోలేదు. అందరికీ అందని వస్తువును కోరకూడదంటే కోరికలన్నీ ఆగిపోతాయి. వుల్ఫ్ సైతం తన శ్రోతలైన విద్యార్థినులకు, గిన్నెలు తోముతూ, పిల్లలను నిద్రపుచ్చుతూ ఆ రాత్రి అక్కడికి రాలేకపోయిన స్త్రీలను గుర్తు చేసింది. అందువల్ల గది భావనను తోసిపుచ్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని ఖర్చును, దాని కింద ఉన్న శ్రమను లెక్కలో చూపించమని కోరడమే ఉద్దేశం.

ముగింపు

ఇంటికి గది చేర్చడాన్ని కుటుంబ నిర్ణయంగా పరిశీలించినప్పుడు 'తనకంటూ ఒక గది' అన్న భావన నుంచి నాలుగు ప్రశ్నలు తలెత్తుతాయి. ఆ గదికి డబ్బు ఎవరిది? ఆ గదిని కోరే మనిషికి తన పేరు తనకు తెలుసా? అందులో గడపడానికి కాలం ఏ పని నుంచి, ఎవరి శ్రమ నుంచి వస్తుంది? దాని తలుపు ఎటు తెరుచుకుంటుంది? మొదటి, చివరి ప్రశ్నలకు మంక్స్ హౌస్ చేర్పు ఒక సమాధానం చెప్పింది. రెండో ప్రశ్నను 'ఇల్లలకగానే', మూడో ప్రశ్నను 'వంటిల్లు', దళిత స్త్రీల సాహిత్యం లేవనెత్తాయి. పురిటి గది, బహిష్టు మూల వంటి చోట్ల జ్ఞాపకం ఉన్న భాషలో ఈ ప్రశ్నలు లేకుండా గదిని కీర్తించడం ప్రమాదకరం కూడా. తలుపు లోపలి మనిషి చేతిలో లేకపోతే సొంత గదికీ వెలి గదికీ తేడా ఉండదు.

తెలుగు కథల్లో, నవలల్లో ఇంటిని గురించిన పరిశోధన గడి, మండువా లోగిలి, కూలిన పాత ఇల్లు వంటి పూర్తి రూపాలతో పాటు, దించిన వసారా, వెనక్కి జరిపిన వంటిల్లు, కొడుకు పెళ్లికి మేడ మీద వేసిన గది, అద్దె వాటాకు పెట్టిన బయటి మెట్లు వంటి చేర్పులను కూడా పరిశీలించవలసి ఉంది. కథలో ఒక కుటుంబం ఇంటికి గది వేస్తున్నదంటే అక్కడ ఎవరి మాట చెల్లింది, ఎవరి మాట చెల్లలేదు అన్నది ఆ గోడల్లోనే రాసి ఉంటుంది. బయటి నుంచి మెట్లు వేయడం తెలిసిన తెలుగు కుటుంబం, అద్దెదారుకు ఇచ్చిన ఆ వెసులుబాటును ఇంటి ఆడపిల్లకు, ఇల్లాలికి ఎందుకు ఇవ్వలేకపోతున్నదన్నది సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న.